పండుగ డ్యూటీకి ఫ్రీ టికెట్ జవాబు కాదు

నవంబరు దగ్గరపడుతోందంటే చాలు, అమెరికా విమాన సంస్థల్లో పనిచేసే ఫ్లైట్ అటెండెంట్లకు వాళ్ల యూనియన్ల నుంచి వరసగా సమాచారం వెళ్తుంటుంది. డిసెంబరు షెడ్యూలుకు బిడ్ వెయ్యడానికి ఆఖరి గడువు ఎప్పుడు, థాంక్స్‌గివింగ్ వారంలో రిజర్వ్‌లో, అంటే పిలుపు కోసం సిద్ధంగా, ఉన్నవాళ్లను ఎన్ని గంటల ముందు పిలవాలి, క్రిస్మస్ నాడు ఎగిరితే ఏ రేటు కట్టాలి, కంపెనీ పాస్ మీద ప్రయాణించేవాళ్లకు ఏ తేదీల్లో ఏ నిబంధన, మంచు తుపానులో చిక్కుకుని హోటల్ దొరక్కపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. బయటివాళ్లకు ఇవి పట్టవు. పట్టినా వచ్చే మాట ఒక్కటే: "ప్రపంచమంతా ఫ్రీగా తిరుగుతారు, మంచి మంచి హోటళ్లలో దిగుతారు, ఇంకా పండక్కి సెలవు లేదని గోలేమిటి?"

ఈ మాట డాలస్‌లో మనవాళ్ల ఇళ్లలో భోజనాల దగ్గర వినిపిస్తుంది, హైదరాబాద్‌లో పెళ్లి పందిళ్లలోనూ వినిపిస్తుంది. ఎంబీఏ చదివినవాళ్లు దీన్నే ఇంకాస్త నునుపు చేసి చెబుతారు: ప్రయాణ సౌకర్యం కూడా జీతంలో భాగమే, పండుగ పూట పని ఆ ఉద్యోగంలో భాగమే, రెండూ తెలిసే చేరారు, కాబట్టి యూనియన్ చేసేది రాద్ధాంతం. ఈ వాదనలో ఒక్క ముక్క కూడా నిలవదని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఆ ఫ్రీ టికెట్ సంగతి. విమాన సంస్థ తన సిబ్బందికి ఇచ్చే పాస్ అంటే సీటు కాదు. డబ్బు పెట్టి కొన్నవాళ్లందరూ కూర్చున్నాక ఖాళీ మిగిలితే అందులో కూర్చోవచ్చన్న అనుమతి మాత్రమే. దీన్నే స్టాండ్‌బై అంటారు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఖాళీలు మిగులుతాయి. డిసెంబరు 23న మిగలవు.

ఆ రోజు సాయంత్రం డాలస్ ఫోర్ట్‌వర్త్ లాంటి పెద్ద విమానాశ్రయంలో ఏ గేటు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. గోడ మీది తెరపై స్టాండ్‌బై జాబితా నడుస్తుంటుంది. ఇంటిపేరులో మొదటి మూడక్షరాలు, పక్కన అసలు పేరు తొలి అక్షరం, ఆ పక్కన వరస సంఖ్య. పొద్దున్న విమానం తప్పిపోయిన ప్రయాణికులు జాబితాలో పైకి వచ్చి చేరుతుంటారు. సిబ్బంది, వాళ్ల తల్లిదండ్రులు, పిల్లలు కిందికి జారుతుంటారు. కొన్ని కంపెనీల్లో సిబ్బంది మధ్య వరస సీనియారిటీని బట్టి ఉంటుంది, కొన్నింటిలో ఎవరు ముందు చెక్-ఇన్ చేస్తే వాళ్లు ముందు. పసిపిల్లను చంకనేసుకున్న ఒకామె తెర వైపు, గేటు ఏజెంటు వైపు మార్చి మార్చి చూస్తుంటుంది. తలుపు మూస్తారు. ఆమె పేరు తర్వాతి విమానం జాబితాలోకి, ఇంకో గేటుకు మారుతుంది. అక్కడా నిండే ఉంటుంది. ఆ తర్వాతిది ఆ రాత్రికి ఆఖరిది. ఆమె మొన్నటిదాకా ఇదే విమానాల్లో జనాన్ని పండక్కి ఇళ్లకు చేర్చింది. తన చేతిలో పాస్ ఉంది, కాబట్టి ఆమెకు "ప్రయాణ సౌకర్యం" ఉన్నట్టే లెక్క.

కంపెనీ దీనికి పెట్టే ఖర్చెంత? ఈ ప్రశ్నకు యూనియన్ కాదు, అమెరికా పన్నుల చట్టమే జవాబు చెబుతుంది. 1984లో చేర్చిన 132వ సెక్షన్ ప్రకారం సిబ్బందికి ఇచ్చే ఉచిత ప్రయాణానికి ఆదాయపు పన్ను ఉండదు. కారణం, యజమానికి దాని వల్ల చెప్పుకోదగ్గ అదనపు ఖర్చేమీ లేకపోవడం. ఎటూ ఎగిరే విమానంలో ఎటూ వృథా అయ్యే సీటు కదా అది. నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది: రిజర్వ్ చేసిన సీటు ఇస్తే కంపెనీ రాబడి వదులుకున్నట్టు లెక్క, అప్పుడు ఈ మినహాయింపు వర్తించదు. అంటే పన్ను కట్టక్కర్లేని ఈ బహుమానానికి షరతే అది ఖాళీ సీటై ఉండటం. ఖాళీ లేని రోజున బహుమానమూ లేదు. పండుగ డ్యూటీకి ప్రతిఫలం ఇదేనని వాదించేవాళ్లు, పండుగ రోజుల్లో కచ్చితంగా అక్కరకు రాని వస్తువును ప్రతిఫలంగా చూపిస్తున్నారు.

మన రైల్వే ఉద్యోగుల పాస్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. రైల్వేలో పనిచేసే మేనమామ ఏడాదికి వచ్చే పాస్‌లతో కుటుంబానికి ముందుగానే బెర్తులు రిజర్వ్ చేయించుకుంటాడు. బెర్తు నంబరు చేతిలో పెట్టుకుని రైలెక్కుతాడు. విమాన సిబ్బందికి ఆ నంబరు ఉండదు. సూట్‌కేసు సర్దుకుని వెళ్లి, ఎక్కనిస్తారో లేదో తలుపు మూసేదాకా తెలియక నిలబడాలి.

ఇంకొక సంగతి బయటివాళ్లకు అస్సలు తెలియదు. ఆ పాస్‌ను చాలామంది విహారానికి కాదు, ఉద్యోగానికి వెళ్లడానికే వాడతారు. కంపెనీ ఒక ఊరిని బేస్‌గా ఇస్తుంది, డ్యూటీ మొదలయ్యేది అక్కడి నుంచే. కొత్తగా చేరినవాళ్లకు పడేది తరచుగా న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్ లాంటి అద్దెలు మండిపోయే ఊళ్లు. కొత్తవాళ్ల జీతానికి అక్కడ ఇల్లు దొరకదు. కుటుంబం వేరే ఊళ్లో ఉంటుంది, వీళ్లు స్టాండ్‌బై మీద బేస్‌కు చేరుకుని, ఒకే గదిలో మంచాలు పంచుకునే క్రాష్ ప్యాడ్‌లో తలదాచుకుని, డ్యూటీ ఎక్కుతారు. క్రిస్మస్ వారంలో డ్యూటీకి వెళ్లడానికి కూడా సీటు దొరకదు. అందుకని ఒక రోజు ముందే బయల్దేరాలి. క్రిస్మస్ రోజు డ్యూటీ అంటే క్రిస్మస్ ముందు రాత్రి కూడా పోయినట్టే. ఆ ముందు రాత్రికి ఎవరూ పైసా ఇవ్వరు. విమానాలన్నీ నిండిపోయి చేరలేకపోతే శిక్ష పడకూడదని యూనియన్లు కాంట్రాక్టుల్లో కమ్యూటర్ నిబంధన రాయించుకున్నది ఇందుకే. ఎన్ని విమానాలకు ప్రయత్నించాలి, ఎంత ముందు ఫోన్ చెయ్యాలి అన్న ఆ చిన్న అక్షరాల వివరాలే పండుగల ముందు యూనియన్లు మళ్లీ మళ్లీ గుర్తుచేస్తాయి. వాటిని రాద్ధాంతం అనేవాళ్లకు ఉద్యోగం పోతుందన్న భయంతో గేటు మారే పరిస్థితి ఎప్పుడూ రాలేదు.

ఇక జీతం. విమానంలో పనిచేసేవాళ్ల గంట, నేల మీద పనిచేసేవాళ్ల గంట ఒకటి కాదు. అమెరికాలో దశాబ్దాలుగా ఫ్లైట్ అటెండెంట్‌కు జీతం లెక్క మొదలయ్యేది తలుపులు మూసి విమానం కదిలినప్పుడు. ఆగేది అవతల గేటుకు చేరినప్పుడు. మధ్యలో నేల మీద గడిచే కాలం, అంటే ప్రయాణికులను ఎక్కించడం, దించడం, రెండు విమానాల మధ్య నిరీక్షణ, ఆలస్యాలు, ఇవేవీ లెక్కలోకి వచ్చేవి కావు. భత్యం కింద గంటకు రెండు డాలర్ల చిల్లర, అంతే.

2024 నాటి అమెరికన్ ఎయిర్‌లైన్స్ లెక్క ఒకటి చూడండి. కొత్తగా చేరిన అటెండెంట్‌కు గంటకు 30 డాలర్ల 35 సెంట్లు. వింటే ఫరవాలేదనిపిస్తుంది. కానీ నెలకు కంపెనీ హామీ ఇచ్చేది 75 గంటలకే. గుణించండి: నెలకు 2,276 డాలర్లు, ఏడాదికి 27,315 డాలర్లు, అదీ పన్నులు కట్టకముందు. బోస్టన్‌లో ఆ డబ్బుతో ఒంటరిగా బతకడమే కష్టం. ఇక ఆ 75 గంటలు సంపాదించడానికి ఇంటికి దూరంగా గడిపే గంటలు దానికి మూడింతలుంటాయి.

ఇప్పుడు దీన్ని పండుగతో కలిపి చూడండి. బోర్డింగ్ ఎప్పుడు కష్టం? డిసెంబరులో. బరువైన కోట్లు, బహుమతుల సంచులు, మొదటిసారి విమానం ఎక్కిన పెద్దవాళ్లు, ఏడ్చే పిల్లలు, పైనున్న అరల్లో పట్టని పెట్టెలు, పక్క పక్క సీట్లు దొరకని కుటుంబాల గొడవలు. పిల్లల దగ్గరికి వెళ్లే మన తెలుగు అమ్మానాన్నలు ఇంగ్లిషు రాక బిక్కుబిక్కుమంటుంటే సైగలతో సీటు చూపించి, బెల్టు పెట్టించేదీ ఆ సమయంలోనే. రెక్కల మీది మంచు కరిగించేదాకా ఆలస్యాలు జరిగేదీ అప్పుడే. అంటే టికెట్ల ధరలు ఆకాశాన్నంటి కంపెనీకి ఎక్కువ రాబడి వచ్చే రోజునే సిబ్బందికి జీతం లేని, లేదంటే అరకొర జీతపు పని ఎక్కువవుతుంది. "పండుగ పూట పని ఉద్యోగంలో భాగమే" అనేవాళ్లు ఈ ముక్క దగ్గర ఆగి సమాధానం చెప్పాలి. ఏ ఉద్యోగంలో భాగం? జీతం ఇచ్చే భాగమా, ఇవ్వని భాగమా?

పండుగ గంటకు ఎక్కువ విలువ ఉందని కంపెనీలకు తెలియదనుకోకండి. 2021 అక్టోబరు ఆఖరులో సిబ్బంది కొరతతో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వందలకొద్దీ విమానాలు రద్దు చేసుకుంది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ ముంచుకొస్తున్నాయి. వెంటనే పండుగ రోజుల్లో ఎగిరేవాళ్లకు ఒకటిన్నర రెట్లు, సీజన్ మొత్తం ఒక్క రోజూ మానకుండా వచ్చినవాళ్లకు మూడు రెట్లు అని ప్రకటించింది. విమానాలు ఆగిపోతాయన్న భయం పుట్టగానే అంతవరకూ అసాధ్యమన్నది సాధ్యమైంది. కానీ అది ఆ ఒక్క సీజన్‌కు. మరుసటి ఏడు ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. అంతకుమించి ఆ మూడు రెట్లలో ఒక చేదు కూడా ఉంది: జ్వరంతో ఉన్న మనిషి డబ్బు పోతుందని మూడు వందల మంది ఉన్న గొట్టంలోకి పనికి వస్తుంది. ఇంకొన్ని చోట్ల దీనికి తిరగేసిన పద్ధతి, పండుగ రోజుల్లో ఒంట్లో బాగోలేదని చెబితే హాజరు రికార్డులో మామూలు రోజులకంటే ఎక్కువ పాయింట్లు పడతాయి. పాయింట్లు పెరిగితే ఉద్యోగం పోతుంది. ప్రయాణికుల ఆరోగ్యం దృష్ట్యా చూసినా ఇది తప్పే.

"తెలిసే కదా చేరారు" అన్న మాటకు వద్దాం. పండుగలకు విమానాలు ఎగరకూడదని ఏ యూనియనూ అడగలేదు. తమ సభ్యులెవరూ పండుగ పూట పనిచెయ్యకూడదనీ అడగలేదు. ఆ భారాన్ని ఎలా పంచాలి, ఎంత ముందు చెప్పాలి, దానికి ఎంత ఇవ్వాలి అన్నవే వాళ్ల ప్రశ్నలు. అమెరికా చట్టం ఇందులో వాళ్లకు ఏ సాయమూ చెయ్యదు. పండుగ రోజు పనికి ఎక్కువ కూలి ఇవ్వాలన్న నిబంధన అక్కడి సమాఖ్య కార్మిక చట్టంలో ఎవరికీ లేదు. ఓవర్‌టైం నిబంధన నుంచి విమాన సిబ్బందిని మినహాయించారు కూడా. కాబట్టి కాంట్రాక్టులో రాసుకున్నదే వాళ్లకు చట్టం.

ఇక్కడే సీనియారిటీ గురించి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటెయ్యలేం. బిడ్లలో ముందు సీనియర్లు ఎంచుకుంటారు. ముప్ఫై ఏళ్ల సర్వీసున్నవాళ్లకు క్రిస్మస్ సెలవు దొరుకుతుంది. నిరుడు చేరిన అమ్మాయి రిజర్వ్‌లో, ఫోన్ మోగితే రెండు మూడు గంటల్లో విమానాశ్రయానికి చేరాల్సిన స్థితిలో, బట్టలు సర్దిన పెట్టె పక్కనే పెట్టుకుని కూర్చుంటుంది. చిన్న పిల్లల తల్లులు ఎక్కువగా జూనియర్లలోనే ఉంటారు. పండుగ కావాల్సింది వాళ్లకు, దొరికేది పిల్లలు పెద్దవాళ్లైపోయినవాళ్లకు. ఇది అన్యాయం కాదా, యూనియనే ఈ అన్యాయానికి కాపలా కాస్తోంది కదా అని అడుగుతారు.

బాధ నిజమే. కానీ ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా తీర్పు చెప్పకూడదు. 1930 మే నెలలో ఎలెన్ చర్చ్ అనే నర్సు బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ విమానంలో తొలి స్టీవార్డెస్‌గా ఎక్కింది. ఆ రోజుల నుంచే పెళ్లి కాని, వయసులో ఉన్న అమ్మాయిలకే ఈ ఉద్యోగం. పెళ్లయితే ఇంటికి పంపేవారు. గర్భం వస్తే పంపేవారు. బరువు పెరిగినా పంపేవారు. 1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 32 ఏళ్లు నిండితే దిగిపోవాలన్న నిబంధన పెట్టింది, మిగతావాళ్లలో పలువురు అదే దారి పట్టారు. 1945లో ఏడా బ్రౌన్ యునైటెడ్ విమానాల్లోని తోటివాళ్లను కూడగట్టి తొలి యూనియన్ పెట్టినప్పటి నుంచి 1964 పౌర హక్కుల చట్టం దాకా, ఆ చట్టం చేతిలో పెట్టుకుని 1968లో పెళ్లి, వయసు నిబంధనలు చెల్లవని ప్రభుత్వ సంస్థ చేత చెప్పించేదాకా ఆ పోరాటం సాగింది. అప్పటివరకూ ఈ ఉద్యోగంలో సీనియర్ అనే మనిషే తయారు కాకుండా కంపెనీలు జాగ్రత్తపడ్డాయి. సీనియర్లు లేకపోతే పెన్షన్ బరువు ఉండదు, జీతం స్కేలు పైకి ఎక్కదు, ఎదురు మాట్లాడేవాళ్లూ ఉండరు.

అందుకని ఇవాళ అరవై ఏళ్ల అటెండెంట్ క్రిస్మస్ నాడు ఇంట్లో ఉండగలుగుతోందంటే, అది ఆమె ఎవరి దగ్గరో లాక్కున్న సెలవు కాదు. ఉద్యోగంలో ముసలిదయ్యే హక్కు గెలుచుకోవడం వల్ల వచ్చింది. సీనియారిటీ కొత్తవాళ్ల పట్ల కఠినమే, కానీ అందులో పక్షపాతానికి తావు లేదు. చేరిన తేదీ ఎవరూ మార్చలేరు. అది తీసేస్తే ఆ నిర్ణయం షెడ్యూలింగ్ మేనేజరు ఇష్టానికో, ఖర్చు తగ్గించడమే పనిగా పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌కో పోతుంది. అందంగా ఉన్నవాళ్లకు, నవ్వుతూ తలూపేవాళ్లకు మంచి రూట్లు ఇచ్చిన కాలం ఈ పరిశ్రమ చూసింది. కొత్తవాళ్ల బాధకు మందు సీనియారిటీని కూల్చడం కాదు. రిజర్వ్ రోజులను అందరి మధ్య తిప్పడం, రిజర్వ్‌లో ఉన్నా కదిలించకూడని రోజులు కొన్ని ఖాయం చెయ్యడం, తేదీలు మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వడం, అన్నిటికంటే ముందు చాలినంతమందిని ఉద్యోగంలోకి తీసుకోవడం. ఇవి యూనియన్లు అడుగుతున్నవే. ఆఖరిది కంపెనీలకు ఖర్చు, అందుకే దాని మీద మాట పడకుండా జూనియర్లకు సీనియర్లను చూపిస్తారు.

హోటళ్ల ముచ్చట రెండు ముక్కల్లో ముగిద్దాం. రెండు డ్యూటీల మధ్య కనీస విశ్రాంతి ఒకప్పుడు తొమ్మిది గంటలు, దాన్ని ఎనిమిదికి కుదించుకునే వెసులుబాటు కంపెనీకి ఉండేది. విమానాశ్రయం నుంచి హోటల్‌కు బస్సు, స్నానం, తిండి, మళ్లీ తయారవడం పోగా నిద్రకు మిగిలేది అయిదు గంటలు. పది గంటలు ఇవ్వాలని అమెరికన్ కాంగ్రెస్ 2018లో చట్టం చేస్తే, ఆ నిబంధన ఖరారు కావడానికే 2022 అక్టోబరు దాకా పట్టింది. లే ఓవర్, అంటే డ్యూటీల మధ్య వేరే ఊళ్లో బస, ఊరు చూడటానికేనని అనుకునేవాళ్లు ఆ అయిదు గంటల్లో ఏ ఊరు చూడొచ్చో చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే నింద, పండుగల వేళ యూనియన్లు ప్రయాణికులను అడ్డం పెట్టుకుని బెదిరిస్తాయన్నది. ఉదాహరణగా 1993ను చూపిస్తారు. ఆ ఏడాది నవంబరు 18న, థాంక్స్‌గివింగ్‌కు సరిగ్గా వారం ముందు, అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో సుమారు 21 వేల మంది అటెండెంట్లు సమ్మెకు దిగారు. అంత సున్నితమైన వారమే ఎందుకు ఎంచుకున్నారంటే దానికి కారణం చట్టంలో ఉంది. 1926 నాటి రైల్వే లేబర్ చట్టాన్ని 1936లో విమాన సంస్థలకూ వర్తింపజేశారు. దాని ప్రకారం కాంట్రాక్టుకు గడువు ముగియదు, సవరణకు అర్హమవుతుంది, అంతే. కొత్తది కుదిరేదాకా పాత జీతాలే. ప్రభుత్వ మధ్యవర్తిత్వ బోర్డు వదిలితే తప్ప సమ్మెకు వీల్లేదు, వదిలాక ఇంకో ముప్ఫై రోజులు ఆగాలి. కంపెనీకి తొందరేముంది? ఏళ్లు గడిచేకొద్దీ ధరలు పెరుగుతాయి, జీతాలు పెరగవు, మిగులు కంపెనీదే. ఇదే అమెరికన్‌లో 2019 డిసెంబరులో సవరణకు వచ్చిన కాంట్రాక్టు స్థానంలో కొత్తది రావడానికి 2024 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఇలాంటి చట్టం కింద కార్మికుల చేతిలో మిగిలే ఏకైక బలం తేదీ.

1993లో ఏం జరిగిందో కూడా పూర్తిగా చెప్పుకోవాలి. యూనియన్ పదకొండు రోజుల సమ్మె అని ముందే ప్రకటించింది. కంపెనీ అధినేత రాబర్ట్ క్రాండల్ పట్టు విడవలేదు, సమ్మెలో ఉన్నవాళ్ల స్థానంలో కొత్తవాళ్లకు శిక్షణ మొదలుపెట్టించాడు. అయిదో రోజున అధ్యక్షుడు క్లింటన్ కల్పించుకున్నాడు. పండుగకు మూడు రోజుల ముందు ఇరుపక్షాలూ తటస్థ తీర్పరి మాటకు కట్టుబడతామని ఒప్పుకున్నాయి, అటెండెంట్లు పనిలోకి వెళ్లి ఆ థాంక్స్‌గివింగ్‌కు జనాన్ని ఇళ్లకు చేర్చారు. నెలల తరబడి కుదరనిది అయిదు రోజుల్లో కుదిరింది. కంపెనీ ముందే ఆ తీర్పరికి ఒప్పుకుని ఉంటే ఒక్క విమానమూ ఆగేది కాదు.

దీని పక్కన 2022 డిసెంబరును పెట్టి చూడండి. ఎవరూ సమ్మె చెయ్యలేదు. చలి తుపాను వచ్చింది, అన్ని కంపెనీలూ తడబడి రెండు మూడు రోజుల్లో కోలుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం కుప్పకూలింది. ఏ పైలట్, ఏ అటెండెంట్ ఏ ఊళ్లో ఉన్నారో కంపెనీ షెడ్యూలింగ్ వ్యవస్థకే తెలియకుండా పోయింది. సిబ్బంది తాము ఫలానా చోట ఉన్నామని చెప్పుకోవడానికి గంటలకొద్దీ ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. హోటల్ గదులు దొరక్క విమానాశ్రయాల్లోనే నేల మీద పడుకున్నవాళ్లున్నారు. దాదాపు 17 వేల విమానాలు రద్దయ్యాయి, 20 లక్షల మందికి పైగా ప్రయాణికులు క్రిస్మస్ పూట దారిలో చిక్కుకున్నారు. రవాణా శాఖ మరుసటి ఏడు ఆ కంపెనీకి 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. షెడ్యూలింగ్ వ్యవస్థ పాతబడిపోయిందని, పెద్ద తుపాను వస్తే తట్టుకోదని అక్కడి పైలట్ల యూనియనూ అటెండెంట్ల యూనియనూ అంతకుముందే హెచ్చరిస్తూ వచ్చాయి. వినేవాళ్లు లేకపోయారు. యూనియన్ సమ్మె కంటే యూనియన్ మాట పెడచెవిన పెట్టడమే ఎక్కువమంది పండుగను పాడు చేసింది. ఈ రెండు పండుగ సీజన్ల సంగతి తెలిసినవాళ్లెవరైనా మొదటిదాన్నే చెబుతుంటే నాకు కోపం వస్తుంది.

డెల్టాలో అటెండెంట్లకు యూనియన్ లేదు, అయినా బోర్డింగ్‌కు డబ్బు ముందు ఇచ్చింది డెల్టానే కదా అని ఇంకొందరంటారు. నిజమే. 2022 జూన్ నుంచి బోర్డింగ్ సమయానికి సగం రేటు ఇస్తోంది. అయితే అప్పటికి రెండున్నరేళ్లుగా అక్కడ యూనియన్ కోసం సంతకాల సేకరణ నడుస్తోంది. ఇరుగుపొరుగు కంపెనీల కాంట్రాక్టులతో పోటీపడి ఇచ్చే వరాన్ని యూనియన్ అక్కర్లేదనడానికి రుజువుగా చూపడం తగదు. కంపెనీ విధానంగా ఇచ్చింది కంపెనీ విధానంగానే వెనక్కి తీసుకోవచ్చు. కాంట్రాక్టులో ఉన్నది తీసుకోవాలంటే బల్ల దగ్గర కూర్చోవాలి.

యూనియన్ అసలే లేని చోట ఎలా ఉంటుందో మనకు దగ్గర్లోనే తెలుసు. గల్ఫ్ విమాన సంస్థల్లో హైదరాబాద్ నుంచి వెళ్లిన పిల్లలూ పనిచేస్తున్నారు. ఖతార్ లాంటి చోట్ల విదేశీ కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. ఖతార్ ఎయిర్‌వేస్ క్యాబిన్ సిబ్బంది ఒప్పందంలో గర్భం వస్తే తొలగించే వీలుండటం వివక్షేనని 2015లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తేల్చింది. ఇక మన దేశం సంగతికి వస్తే, ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌లు 35 ఏళ్లకే రిటైర్ కావాలన్న, తొలి గర్భంతోనే ఉద్యోగం పోవాలన్న నిబంధనల మీద నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1981లో గర్భం నిబంధనను, రిటైర్మెంటు పొడిగింపు మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదిలేసిన భాగాన్ని కోర్టు కొట్టేసింది. పెళ్లి మీద నాలుగేళ్ల ఆంక్షను మాత్రం ఉంచింది. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది జీతభత్యాల మీద అసంతృప్తితో పెద్ద సంఖ్యలో ఒకేసారి సిక్ లీవ్ పెట్టారు. దాదాపు పాతిక మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. కార్మిక శాఖ అధికారుల ముందు కూర్చున్నాక ఒకట్రెండు రోజుల్లోనే వాళ్లను వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త చదివినప్పుడు మనవాళ్లలో చాలామంది అడిగింది ఆ సిబ్బంది ఎందుకలా చేశారని కాదు, తమ విమానం ఎందుకు ఆగిందని.

2025లో రెండు ఓట్లు జరిగాయి. ఫ్రీ టికెట్ వాదన చేసేవాళ్లు వాటిని ఒకసారి చూడాలి. ఆగస్టులో ఎయిర్ కెనడాలో పదివేల మందికి పైగా అటెండెంట్లు నేల మీద చేసే పనికి జీతం కావాలని సమ్మె చేశారు. కొన్ని గంటల్లోనే ప్రభుత్వం పనిలోకి వెళ్లమని ఆదేశించింది. వాళ్లు వెళ్లలేదు. నాలుగో రోజున నేల మీది సమయానికి కొంత చెల్లింపుతో ఒప్పందం కుదిరింది, అయినా అందులోని జీతాల భాగాన్ని తర్వాత 99 శాతం మంది తిరస్కరించారు. అంతకు కొద్దిరోజుల ముందు, జులై ఆఖరులో, యునైటెడ్‌లో 28 వేల మంది అటెండెంట్ల ముందున్న ఒక ఒప్పందం మీద ఓటు ముగిసింది. వెంటనే 26 శాతం దాకా పెంపు, బోర్డింగ్‌కు జీతం అందులో ఉన్నాయి. అక్కడి కాంట్రాక్టు 2021 ఆగస్టులోనే సవరణకు వచ్చింది, నాలుగేళ్లుగా ఒక్క పెంపూ లేదు. ఒప్పుకుంటే డబ్బు చేతికి వచ్చేది. ఓటేసినవాళ్లలో 71 శాతం మంది వద్దన్నారు. రెండు విమానాల మధ్య నేల మీద కూర్చోబెట్టే గంటలకు డబ్బు, రిజర్వ్ నిబంధనల్లో మార్పు, షెడ్యూలులో తమ మాటకు చోటు అడగమని యూనియన్‌ను మళ్లీ బల్ల దగ్గరికి పంపారు.